అరకులో ఎత్తు తెలిసే తీరు

విజయనగరం జిల్లా కొత్తవలసలో చీలిన కిరండూల్ రైలుమార్గం శృంగవరపుకోట మీదుగా వరిచేలు, మామిడితోటల మధ్య సాగుతుంది. బొడ్డవర దాటాక కనుమలు ఎదురవుతాయి, ఎక్కుడు మొదలవుతుంది. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్లు ఒకదాన్ని మించి ఒకటి ఎత్తులో ఉంటాయి. ఆ తర్వాతి స్టేషన్ శిమిలిగూడ ఎత్తు 996 మీటర్లు. అక్కణ్ణుంచి రైలు కాస్త కిందికి దిగి, సుమారు 910 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరుతుంది. మార్గం మొత్తంలో 58 సొరంగాలున్నాయి. లోయ కనిపించినట్టే కనిపించి చీకట్లో మాయమవడం అందువల్లే.

ఈ దారి వేసింది విహారం కోసం కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960వ దశకంలో దీన్ని నిర్మించారు. నేటికీ నిండు గూడ్సులు కిందికి దిగుతుంటాయి, ఖాళీవి పైకి ఎక్కుతుంటాయి. అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చింది 2017లోనే.

కోస్తా నుంచి వెళ్లినవారికి అరకులో ముందుగా తెలిసేది ఉక్క లేకపోవడం. కిలోమీటరు ఎత్తుకు గాలి వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చలికాలం పొద్దున మంచు విడిచేదాకా పది అడుగుల దూరంలోని మనిషి ఆనవాలు దొరకదు. తర్వాత పంటలు కంటబడతాయి: మెట్టల మీద చోళ్లు, సామలు, పసుపుపచ్చగా పూసిన వలిసె, సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లనే అల్లుకున్న మిరియాల తీగలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతలో బేరాలు తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియాలోనూ సాగుతాయి.

అయితే ఈ ఎత్తు ఊపిరిని ఇబ్బంది పెట్టదు. ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. ఉదాహరణకు, బొలీవియాలోని లా పాజ్ ఎత్తు సుమారు 3,640 మీటర్లు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. విమానం దిగినవారికి నాలుగు మెట్లెక్కినా ఆయాసం, తలనొప్పి. కోకా ఆకుల టీ తాగి, మొదటి రోజు నెమ్మదిగా తిరగడం అక్కడి ఆనవాయితీ. అరకు దారిలాగే, పెరూలో ఆండీస్ కొండలెక్కే రైలుమార్గాన్నీ ముఖ్యంగా ఖనిజాల కోసమే వేశారు. గలేరా సొరంగం దగ్గర అది 4,780 మీటర్లు దాటుతుంది. అరకు యాత్రికుడికి మాత్రం ఒక స్వెటర్ చాలు, అదీ చలికాలంలో.