నీడలోని పల్లం

మా మదరసా వెనుక నేల ఏటవాలుగా దిగి ఖబరస్తాన్ గోడను చేరుతుంది. పైన రెండు ముదురు మామిడిచెట్లు. వాటి క్రింద ఎండ పొడ పడేది అరుదు. ఏటా వానలకు అక్కడి మట్టి కోసుకుపోయి, గోడ పగులు గుండా దిగువనున్న పాత సమాధులపై పేరుకుంటున్నది. అవి ఫలకాలు లేని మట్టి సమాధులు. ఎవరి తల్లి ఎక్కడ ఉన్నదో చెప్పగల పెద్దలు ఊరిలో ఇద్దరే మిగిలారు. మా నాన్నగారి సమాధి కూడా ఆ వరుసలోనే ఉన్నది.

సిమెంటు పరిపిద్దామని కమిటీలో కొందరన్నారు. సిమెంటు మట్టిని ఆపుతుంది గాని నీటిని ఆపదు. ఆ నీరే మరింత వేగంగా గోడను కొడుతుంది, చెట్ల వేళ్లకూ గాలి అందదు. కనుక ఏడాది పొడవునా పచ్చగా ఉండి నేలను పట్టి ఉంచే మొక్కలే మేలని నిశ్చయించాము.

అందరికీ మొదట తోచేది గరిక. ఎండ లేనిచోట అది పలచబడి నశిస్తుంది. హిఫ్జ్ చదివే ఒక కుర్రవాడు, "హజ్రత్, కాలువ గట్టున పసుపు పూల తీగ ఉంది. చూస్తుండగానే కప్పేస్తుంది, తెమ్మంటారా?" అని అడిగాడు. అది వెడెలియా. అమెరికా ఉష్ణమండలం నుండి వచ్చినది. ప్రపంచంలోని 100 అతి హానికరమైన ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరున్నది. కణుపు కణుపునా వేరు దింపుతుంది, తుంచిన ముక్క నుండి మళ్లీ లేస్తుంది. గోడ దాటితే సమాధులను తానే కప్పివేస్తుంది. మనీప్లాంటునూ వద్దన్నాను, దాని రసం తగిలితే నోరు మండుతుంది, మా వద్ద ఆరేడేళ్ల పిల్లలున్నారు.

చివరకు పిప్పలిని ఎంచుకున్నాము. విశాఖ మన్యంలో దీనిని వేళ్ల కోసం, అంటే మోడి కోసం, పెంచుతారు. నీడను ఇష్టపడి నేలపైనే పాకుతుంది. వుజూ నీరు చేరే తడి చోట సరస్వతి ఆకు నాటాము. గోడ అంచున నర్సరీవారు మోండో గడ్డి అనే మొక్క. పెరుగుదల నిదానం, వేళ్లు దట్టం.

వాలు నేలను మొత్తం త్రవ్వరాదు. త్రవ్విన మట్టి తొలి వానకే జారిపోతుంది. అడుగు ఎడంగా గుంటలు మాత్రమే తీసి, పై వరుస గుంటల నడుమకు క్రింది వరుస గుంట వచ్చేలా చూడాలి. నీరు తిన్నగా దిగక ఒక్కొక్కచోట ఆగుతుంది. ప్రతి గుంట దిగువన అర్ధచంద్రాకారంగా రాళ్లు పేర్చాము. ఖాళీ నేలపై రాలిన మామిడాకులే పరిచాము. వాటిని ఊడ్చి తగులబెట్టే అలవాటు మాన్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది! మొదటి ఏడాది కలుపు చేతితోనే తీయాలి. వేసవిలో తడి తప్పరాదు. వుజూఖానా నుండి చిన్న కాలువ త్రవ్వడంతో ఆ చింత తీరింది.

ఈ వర్షాకాలంలో గోడ వద్దకు చేరిన నీరు మునుపటంత ఎర్రగా లేదు. పగులు పూడ్పించాము. వాన తెరపి ఇచ్చిన ఒక ఉదయం ఆ పెద్దలిద్దరినీ కుర్చీలలో కూర్చోబెట్టి, వారు చెప్పిన వరుసలో పిల్లలచేత ఒక్కొక్క సమాధి తలవైపున ఒక్కొక్క రాయి పెట్టించాము. మూడవ వరుసలో రెండు చోట్ల మాత్రం పెద్దల మాట కలవలేదు. అక్కడ రాయి పెట్టలేదు.