కవాతుకి వెళ్లాలా?

2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం అధికారం లాక్కుంది. మార్చి 27న రాజధాని నేపిడాలో సైనిక కవాతు. అదే రోజు దేశమంతటా వందమందికి పైగా జనాన్ని కాల్చి చంపారు. ఆ కవాతుకి ప్రతినిధుల్ని పంపిన ఎనిమిది దేశాల్లో మనదీ ఒకటి. రష్యా, చైనా వెళ్లాయంటే సరే, మనకేం పని అక్కడ?

సరిహద్దు, ఈశాన్యంలో తిరుగుబాట్లు, చైనా... ఈ కారణాలన్నీ విన్నవే. మయన్మార్ ప్రజాస్వామ్య నేత సూకీకి నెహ్రూ అవార్డు ఇచ్చిందీ, ఆమెని అప్పట్లో నిర్బంధించిన సైనిక ప్రభుత్వంతో మాటలు కలిపిందీ మన పీవీ హయాంలోనే. మాట్లాడటం తప్పనను, పొరుగుని మార్చుకోలేం కదా. కానీ మాట్లాడటం వేరు, వాళ్ల సంబరానికి అతిథిగా వెళ్లడం వేరు.

ఆ నెలలో మన దేశం పరువు నిలబెట్టింది నా దృష్టిలో మిజోరం. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చేవాళ్లని ఆపమని కేంద్ర హోంశాఖ రాస్తే, వాళ్లు మా రక్తసంబంధీకులు, కాదనలేమని అప్పటి ముఖ్యమంత్రి జోరాంథంగా ప్రధానికి ఉత్తరం రాశారు. చర్చిలు, యువజన సంఘాలు తిండీ గూడూ చూశాయి.

ఆంక్షలకి జనరల్స్ దిగొస్తారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. పారిపోయి వచ్చినవాళ్లని ఆదుకోవడం మాత్రం మన చేతుల్లోదే. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మనం ఇంతవరకూ సంతకమే చేయలేదు. ముందు ఆ పని చూడొచ్చుగా?