చూపు బంతి మీదనేనా?

క్రికెట్ నేర్పే ప్రతి మైదానంలోనూ వినిపించే మాటలు కొన్ని ఉన్నవి. ఎడమ మోచేయి ఎత్తి ఉంచు. బ్యాటును నిటారుగా వెనక్కి తీయి. ముందుకాలు బంతి పడిన చోటికి వేయి. చూపు బంతి మీదనుండి తిప్పకు. తాతల నాటి నుండి వస్తున్న ఈ సూత్రాలను శాసించే గురువులలో, వాటిని మహామహులైన ఆటగాళ్ళు నిజంగా పాటిస్తున్నారా అని పరిశీలించినవారు బహు కొద్దిమంది.

సూరత్ నగరంలోని లాల్‌భాయి కాంట్రాక్టర్ క్రీడాంగణం ఈ ప్రశ్నను కళ్ళకు కట్టినట్టు చూపించింది. సికింద్రాబాదులో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 2019 సెప్టెంబరులో ఇరవై ఓవర్ల అంతర్జాతీయ పోటీలనుండి విరమించుకున్నది. ఆమె డ్రైవ్ కొట్టే భంగిమను ఫోటో తీసి పాఠ్యపుస్తకంలో అతికించవచ్చు. అదే నెల 24వ తేదీన సూరత్‌లో, దక్షిణాఫ్రికా మీద, హర్యానాకు చెందిన పదిహేనేళ్ళ షెఫాలీ వర్మ మొదటిసారి దేశం తరఫున ఆడింది. ముందుకాలును పక్కకు తప్పించి, చేతులకు చోటు చేసుకుని, గాలిలోకి లేపి కొట్టే పిల్ల అది. ఆ రోజు సున్నాకే వెనుదిరిగింది. పెద్దలు తల ఆడించడానికి ఇంతకంటె మంచి అవకాశమేమున్నది? అక్టోబరు 1న అదే మైదానంలో ఆమె 46 పరుగులు చేసింది. తరువాత జట్టులో చోటు పోగొట్టుకున్న రోజులూ ఉన్నవి. 2025 నవంబరు 2న ప్రపంచకప్పు తుదిపోటీలో, మళ్ళీ దక్షిణాఫ్రికా మీదనే, 87 పరుగులు చేసింది. అట్లని మిథాలీ పద్ధతి తప్పనడానికి వీలులేదు. వన్డేలలో ఆమె పరుగులు 7,805.

సూత్రాలను తప్పినవారిలో అగ్రగణ్యుడు డాన్ బ్రాడ్‌మన్. బౌరల్ అనే చిన్న ఊళ్ళో, ఇంటి వెనుక నీళ్ళ తొట్టి అరుగుకేసి గోల్ఫ్ బంతిని స్టంపుతో కొడుతూ తనంతట తానే నేర్చుకున్నాడు. ఆయన బ్యాటు నిటారుగా కాక స్లిప్పుల వైపుకు లేచేది. టెస్టులలో ఆయన సగటు 99.94. మన హైదరాబాదు అజహరుద్దీన్, ఆఫ్‌స్టంపు బయటి బంతిని మణికట్టు తిప్పి లెగ్‌వైపుకు పంపుతూ ఉంటే, ఏ గురువైనా తన శిష్యుడికి అది చూపించి ఇట్లా ఆడమని చెప్పగలిగేవాడా?

ఇక చూపు సంగతి. వేగమైన బంతి బౌలరు చేయి వదిలిన తరువాత బ్యాటు చేరడానికి పట్టే కాలం సుమారు అర సెకను. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియాడ్ అనే శాస్త్రజ్ఞులు బ్యాట్స్‌మెన్ కంటికదలికలను కొలిచి 2000లో ప్రకటించిన ఫలితాలు ఆసక్తికరమైనవి. బంతి చేయి వదలగానే ఒక్క క్షణం చూసి, ఆటగాడి చూపు బంతికంటె ముందే అది నేలను తాకబోయే చోటికి దుముకుతుంది. ఎంత నేర్పరి అయితే అంత త్వరగా దుముకుతుంది. అంటే బంతిని ఎడతెగక చూడడంలో కాదు, వదలవలసిన వేళ వదలడంలో ఉన్నది నేర్పు!

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ శిక్షకులు ఎన్నో ఏళ్ళుగా బ్యాటును పైనుండి కిందికి నరికినట్టు కొట్టమనేవారు. బంతి కిందికి దిగుతూ వస్తుంది గనుక బ్యాటు కొంచెం పైకి సాగితేనే దాని దారిలో ఎక్కువసేపు నిలుస్తుందని, 1941లో .406 సగటు సాధించిన టెడ్ విలియమ్స్ వాదించాడు. 2004లో ఒక ప్రదర్శన ఆటలో సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి జెన్నీ ఫించ్ విసిరిన బంతులకు బేస్‌బాల్ దిగ్గజం ఆల్బర్ట్ పుజోల్స్ అవుటైపోయాడు. తల పైనుండి విసిరే చేతిని చదవడం నేర్చిన కన్ను, నడుము దగ్గరనుండి వచ్చే బంతి ముందు నిరక్షరాస్యమైపోయింది.

అయితే ఈ సూత్రాలన్నీ పనికిరానివేనా? అట్లా అనడం తొందరపాటు. భుజం జారవిడిచి బంతిని పైకి ఎగదోసే పిల్లవాడికి కిందికి కొట్టమంటే, వాడి బ్యాటు కిందికి రాదు, సమంగా వస్తుంది. వంగిన కర్రను రెండోవైపుకు వంచి సరిచేయడం వంటిది అది. చూపు బంతి మీద పెట్టమంటే పిల్లవాడి తల కదలకుండా నిలుస్తుంది. మాట అబద్ధమైనా ఫలితం మంచిదే. చిక్కంతా ఎక్కడంటే, ఒక దోషానికి వేసిన మందును దోషం లేనివాడికి కూడా పట్టించడంలో.

గొప్ప ఆటగాళ్ళు కూడా తాము చేసేదొకటి, చెప్పేదొకటిగా ఉంటారు. వాళ్ళను తప్పుపట్టలేము. సూరత్ మగ్గాలమీద పనిచేసే తెలుగు నేత కార్మికుణ్ణి తెగిన పోగును ఎట్లా ముడివేశావని అడిగితే, మాటల్లో చెప్పబోయి, చివరకు వేళ్ళతో చేసి చూపిస్తాడు. బ్యాటు పట్టినవాడి విద్య కూడా అటువంటిదే. అందుచేత నెట్స్ దగ్గర నిలబడ్డ గురువు, పదేళ్ళ పిల్ల కాలు పక్కకు వేసిన మరుక్షణమే కేకవేయక, ముందు ఓ ఇరవై బంతులు ఎక్కడికి పోతున్నవో లెక్కపెట్టవలసి ఉన్నది.