కాకర్లవారి ఆడపడుచు

గడచిన దీపావళికి ముందు అటుకమీది పాత్రలను దింపి చింతపండుతోను ఇటుకపొడితోను తోముచుంటిని. పదునొకండేండ్ల మా పెద్దమ్మాయి ప్రక్కన కూర్చుండి, ఒక యిత్తడిబిందె మెడపై చెక్కియున్న యక్షరములను వ్రేలితో తడవి చూచి, "అమ్మా! ఇది మన బిందె కాదా? దీనిమీద 'కా. సు.' అని యున్నదేమి?" అని యడిగెను. ఆ బిందె నా వివాహమున పుట్టినింటివారిచ్చినది. 'కా' యనగా కాకర్ల. 'సు' యనగా మా తండ్రిగారి పేరులోని మొదటి యక్షరము. ఆ మాటయే చెప్పితిని.

"కాకర్లవారనగా నెవరు?"

"మీ తాతగారు."

"తాతగారు పోయిరి గదా! ఇప్పుడెవరున్నారు?"

ఈ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. మా తండ్రిగారికి మేము మువ్వురము ఆడుబిడ్డలమే, మగసంతానము లేదు. మా పినతండ్రి చిన్నతనముననే గతించెను. మేము మువ్వురమును వివాహములై మూడు వేఱు ఇంటిపేరులలో కలిసిపోతిమి. తండ్రిగారు పోయి రెండేండ్లైనది. ఇప్పుడు మా కుటుంబమున ఆ యింటిపేరు గలది మా యమ్మ యొక్కతెయే. ఆమెయు పుట్టుకచేత కాకర్ల యామె కాదు, మెట్టి వచ్చినది. సోదరీమణులారా, మన యింటిపేరుల కథ యెంత వింతయైనదో చూడుడు!

నేను పుట్టి పెరిగినది నంద్యాల. మెట్టినది ప్రొద్దుటూరు. మా తండ్రిగారు నన్ను బడికి పంపలేదు. అమరము, రఘువంశము, భారతము, వసుచరిత్రము వారియొద్దనే చదువుకొంటిని. వారికి సంగీతముపై మిక్కిలి మక్కువ. ఏటేట పుష్యబహుళ పంచమినాడు స్నానముచేసి, త్యాగరాజస్వామి కీర్తనలను తమకు వచ్చినంతలో పాడి, పొంగలి నైవేద్యము పెట్టి, "మన కాకర్లవారి పుణ్యము" అని కన్నులొత్తుకొనెడివారు. త్యాగరాజస్వామి మాకు పెద్దతాత యనియే నేను చిన్ననాడు తలచియుంటిని. పొరుగు పిల్లలతో జగడమాడినప్పుడు కూడ, "మా తాత త్యాగరాజు, తెలియునా?" అని బెదరించితిని.

అది నిరాధారమైన మాట కాదు. త్యాగరాజస్వామి యింటిపేరు నిజముగా కాకర్లయే. ఆయన 1767లో తిరువారూరున పుట్టి, తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధిపొందెను. తండ్రి కాకర్ల రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. ప్రహ్లాద భక్తివిజయమున ఆయనయే తాను కాకర్ల వంశమువాడనని చెప్పుకొనెను. వారు ములికినాటి తెలుఁగు బ్రాహ్మణులు. వారి పూర్వులది కంభము తాలూకాలోని కాకర్ల గ్రామము. ఆ తాలూకా మొదట మన కర్నూలు జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందులోనికి పోయెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. తంజావూరిని తెలుఁగు నాయకరాజులు 1673 వరకు పాలించిరి. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుఁగును ఆదరించుట మానలేదు. కావేరీనీరును రాజాశ్రయమును వెదకికొనుచు మన మెట్టనేలల నుండి యెన్ని కుటుంబములు దక్షిణమునకు పోయినవో! అందొకటి కాకర్లవారిది.

వివాహమైన కొన్నియేండ్లకు మావారు బడి గ్రంథాలయము నుండి స్వామి జీవితచరిత్రమును తెచ్చి యిచ్చిరి. రాత్రి పిల్లలు నిద్రించినపిదప చదువుచు ఒకచోట నాగిపోతిని. త్యాగరాజస్వామిది భారద్వాజ గోత్రము. మాది కౌండిన్యస. ఊరొక్కటియే గాని వంశ మొక్కటి కాదు!

దీపము తగ్గించి చాలసేపు ఊరక కూర్చుంటిని. నాకు కలిగిన విచారము నాకొఱకు కాదు. డెబ్బదియేండ్లు దాటిన మా తండ్రిగారికి ఈ సంగతి చెప్పుటయా, మానుటయా? ఆయన యాస్తి యంతయు మూడెకరముల మెట్టచేను, రెండు పెట్టెల పుస్తకములు, ఈ యొక్క గర్వము. చెప్పుటకు నోరాడలేదు. తరువాతి పుష్యమాసమున నంద్యాలకు పోయితిని. ఆయన యెప్పటివలెనే కన్నులొత్తుకొనుచుండగా నేను తలవంచుకొని పొంగలి వడ్డించితిని.

అప్పటి నుండి ఇంటిపేరుల సంగతి నా మనస్సున నాటుకొనెను. చదివిన కావ్యములలోనే యెన్ని యున్నవి! పోతన బమ్మెరవాడు, అది యొక యూరు. పింగళి సూరన కృష్ణాతీరపు పింగళి పేరు ధరించి, కళాపూర్ణోదయమును మా నంద్యాల కృష్ణభూపతికి అంకితమిచ్చెను. ఆ భూపతి యింటిపేరో నంద్యాలయే. మా ప్రొద్దుటూరివారు తమవానిగా చెప్పుకొను పుట్టపర్తి నారాయణాచార్యులవారి కుటుంబమునకు తొలుత తిరుమల యను ఇంటిపేరుండెను. పుట్టపర్తిలో కాపురముండుటచేత పుట్టపర్తివారైరి. ఊరిపేరులే కాక వృత్తిని, అధికారమును, ఇంటనున్న వస్తువును బట్టి వచ్చినవియు కలవు. మా వీధిలో నున్న గడియారమువారిని, భండారువారిని లెక్కించి మా చిన్నది నవ్వుచుండును. ఐనను మన రాయలసీమలో ఊరిపేరు ఇంటిపేరైన కుటుంబములు నాకు కనబడినన్ని మఱి వేఱువి కనబడలేదు. మా యత్తవారిదియు కడప జిల్లాలోని యొక పల్లెపేరే.

ఇట్లేల యని నేను చాలదినము లాలోచించితిని. దాని మర్మము నాకొక ముసలమ్మ చెప్పెను. మూడేండ్ల క్రిందట కంభములో బంధువుల యింట వివాహమునకు పోయితిమి. నంద్యాలలో రైలెక్కిన, నల్లమల యడవిని దాటి గిద్దలూరి మీదుగా కంభము చేరును. గుండ్లకమ్మపై రెండు కొండలనడుమ కట్టిన కంభము చెరువును చూచి, అంత నీరు మన సీమలోనివారు త్రవ్వించిరా యని మా పిల్లలు నమ్మలేదు. దానిని వరదరాజమ్మ యను రాణి కట్టించెనని అచ్చటివారందురు. మరునాడు ఒక ఆటో కుదుర్చుకొని కాకర్లకు పోయితిమి. మావారికి ఆ ప్రయాణ మంతగా నిష్టము లేదు గాని, నా ముఖము చూచి కాదనలేకపోయిరి.

ఊరిమొదట నొక యరుగుమీద ముసలమ్మ యొకతె కూర్చుండి వేరుసెనగకాయ లొలుచుచుండెను. "ఎవురింటికమ్మా?" అని యడిగెను. నేను గర్వముతోనే "మేము కాకర్లవారమవ్వా" అంటిని. ఆమె బోసినోటితో పకపక నవ్వి, "ఈడ అందరమూ కాకర్లోళ్లమే గదమ్మా! మీ ఇంటిపేరేందో చెప్పు" అనెను.

మావారు ముఖము ప్రక్కకు త్రిప్పుకొని నవ్విరి. నాకును నవ్వు వచ్చినది. ఎంత సులభమైన సంగతి! ఊరిలో నున్నవారిని ఊరిపేరుతో పిలుచువారెవరు? ఊరు విడిచి పోయినవానికే ఆ పేరంటును. క్రొత్తచోట "వీరెవరు?" అన్న ప్రశ్నకు ఇచ్చిన బదులే ఇంటిపేరు. కాకర్లవారనగా కాకర్లలో లేనివారని యర్థము. మన సీమలో వానలు తప్పుట క్రొత్త గాదు. 1876లో వచ్చిన ధాత కరవును మా అవ్వ తన అవ్వ చెప్పగా వినినది. తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని బయలుదేరిరట. అట్టి ప్రయాణములు అంతకు ముందెన్ని జరిగినవో. మనయింటిపేరులలో సగము కరవు పెట్టినవే యని నా నమ్మకము. ఇక కాకర్ల యను పేరు తీగకాకరనుండి వచ్చినదని మా తండ్రిగారు చెప్పెడివారు; చింతల, రావుల యనునట్లు కాకరల యనునది కాకర్ల యైనదట. చేదుకాయ పేరుతో నింత తీయని పాట పుట్టెనని యొక ఛలోక్తి కూడ వారికుండెను.

ఊరిపేరు గనుకనే అది కులమునకు గోత్రమునకు కట్టుబడలేదు. హైదరాబాదులోని నిమ్స్ వైద్యసంస్థకు సంచాలకులుగా నుండిన కాకర్ల సుబ్బారావుగారు కృష్ణాజిల్లా పెదముత్తేవిలో 1925న జన్మించి, అమెరికాలో చిరకాలము పనిచేసి, స్వదేశమునకు మరలివచ్చినవారు. కులము వేఱు. 2021లో వారు గతించినప్పుడు మా తండ్రిగారు పత్రికను మడచి, "మనవాడొకడు పోయెను" అని ఆనాడు ఫలహారము మానిరి. అప్పుడు నాకాశ్చర్యమైనది, ఆ ముసలమ్మ మాట విన్నపిదప కాలేదు.

పరదేశములలో మన యింటిపేరులకు పట్టిన గతి వేఱొక కథ. తమిళదేశమున తండ్రి పేరులోని మొదటి యక్షరమే చాలును. అచ్చటి తెలుఁగువారు ఇంటిపేరును పెండ్లిమాటలకు మాత్రము దాచియుంచుకొందురు. తిరువయ్యారున కాకర్ల యన్న తెలిసినవారు కొందరే గాని త్యాగయ్య యన్న తెలియనివారుండరు. అమెరికాలో ముందుండవలసిన యింటిపేరు వెనుకకు పోవును. 1830ల పిదప మారిషసు చెఱకుతోటలకు కూలికి పోయిన తెలుఁగువారి సంగతి మఱియు జాలిగొలుపును. దొరల పట్టీలలో మనిషి పేరునో తండ్రి పేరునో వ్రాసికొనిరి, అవే ఇంటిపేరులైనవి. ఈనాడచ్చట అప్పడూ, రామసామి, వెంకటసామి యను నింటిపేరులు గలవు. వారి పూర్వు లేయూరివారో ఆ పేరులు చెప్పవు.

మన స్త్రీలకు మాత్రము పరదేశము పోవలసిన పనిలేదు. పొరుగువీధిలో మెట్టినను పేరు మారును. తరిగొండ వెంగమాంబ పుట్టినది కానాలవారింట, మెట్టినది ఇంజేటివారింట. బాల్యముననే భర్తను కోల్పోయిన ఆమెను లోకము ఆ రెంటితోను పిలువలేదు, ఊరిపేరు పెట్టి తరిగొండ వెంగమాంబ యనెను. మన కడపసీమ గోపవరపు దని చెప్పుకొను మొల్ల ఆతుకూరి మొల్లగానే నిలిచెను. త్యాగరాజస్వామి సమాధికి 1925లో గుడి కట్టించిన నాగరత్నమ్మకు బెంగుళూరే ఇంటిపేరు. స్త్రీలు అచ్చట పాడరాదన్న పురుషుల నెదిరించి పాడినదియు ఆమెయే. స్వామికైనను ఒక్కతెయే కూతురు, సీతాలక్ష్మి. ఆమె కొడుకు సంతానము లేకయే పోయెను. మా నాయనకు కొడుకులు లేరని జాలిపడి మాటలాడువారితో నేనీ సంగతి చెప్పుదును.

ఆస్తిలో కూతురికి సమభాగము ఆంధ్రదేశమున 1986 నాటి చట్టమువలనను, దేశమంతటను 2005 నాటి సవరణవలనను వచ్చినది. మా మూడెకరములను మేము అక్కచెల్లెండ్రము తలకొక యెకరము పంచుకొంటిమి. పేరును పంచుకొనుట మాత్రము కుదరలేదు. 2022లో తెలుఁగు కుటుంబముల వ్యాజ్యమొకటి సుప్రీముకోర్టుకు పోగా, భర్త పోయి మరల వివాహమాడిన తల్లి తన బిడ్డ యింటిపేరును తానే నిర్ణయింపవచ్చునని న్యాయమూర్తులు తీర్పిచ్చిరి. మావారు దానిని పత్రికలో చదివి వినిపించి, "చిన్నదానికి బడిపట్టీలో కాకర్ల యని వ్రాయింతుమా?" అని యడిగిరి. పరిహాసమునకు కాదు, నిజముగనే యడిగిరి. ఒకయింటి అక్కచెల్లెండ్రకు రెండు ఇంటిపేరు లేమని మా యత్తగారు కష్టపెట్టుకొందురు. రేపు దాని వివాహమైనపిదప ఆ పేరేమగును? అట్లని వలదనుటకును మనసొప్పలేదు. నేనింకను బదులు చెప్పలేదు.

తండ్రిగారి సంవత్సరీకములైన మరునాడు, గోత్రముల సంగతి మా యమ్మకు చెప్పితిని. ఇన్నేండ్లు దాచినదానిని విప్పుచు నాకు గొంతు పట్టినది. అమ్మ బియ్యములో రాళ్లేరుచు తలయెత్తకయే, "భారద్వాజులని నాకు తెలియునే. మా మేనమామ తిరువయ్యారు పోయివచ్చి పెండ్లికి ముందే చెప్పెను" అనెను.

"నాయనతో నెన్నడును అనలేదా?"

"ఆయన దినదినము సంధ్యలో తన గోత్రము తాను చెప్పుకొనువాడు. ఆ పెట్టెలోని పుస్తకములన్నియు చదివినవాడు. ఆయనకు తెలియదనుకొంటివా?" అని చేట విసరి, నన్ను ఎసరు పెట్టుమనెను.

ఆ బిందెను మరల అటుక నెక్కింపలేదు. కొళాయి వచ్చిన వేళ మా పెద్దమ్మాయి దానితోనే నీరు పట్టుచున్నది. నీవు మోయలేవు, చిన్నది తీసికొనుమన్న వినదు.