అద్దంలాంటి నీరు

పిల్లలూ, నీటిమీద దిగే విమానాన్ని మీరెప్పుడైనా చూశారా? నేనెక్కినదానికి చక్రాలే లేవు. వాటికి బదులు అడుగున రెండు పొడుగాటి పడవలు బిగించి ఉన్నాయి.

నాతోపాటు ఒకే బెంచీమీద చదువుకున్న స్నేహితుడొకడు అమెరికాలో, అలాస్కా రాష్ట్రంలోని ఆంకరేజ్ నగరంలో స్థిరపడ్డాడు. 2018 జూలైలో వాడి దగ్గరికి వెళ్ళాను. ఆ ఊళ్ళో లేక్ హుడ్ అనే సరస్సునుంచి ఇలాంటి విమానాలు కొంగల్లా లేస్తూ ఉంటాయి. దారుల్లేని అడవులకు అవే బళ్ళు.

గాలాలూ, బియ్యం మూటా వేసుకుని బయలుదేరాం. కొంతసేపటికి అడవి మధ్య చిన్న సరస్సు కనిపించింది.

"అదృష్టం, అలల్లేవు!" అన్నాను.

పైలట్ నవ్వలేదు. నీరు అద్దంలా ఉంటే అందులో ఆకాశమే కనిపిస్తుంది. నీరు ఎంత కింద ఉందో కంటికి అందదు. ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పిన నాకు ఈ సంగతి తట్టనేలేదు! ఆయన ఒడ్డున ఉన్న చెట్లను చూసుకుంటూ, విమానాన్ని మెల్లమెల్లగా దించాడు. నా స్నేహితుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

దుంగల ఇంట్లో రెండు రోజులున్నాం. రాత్రి పదింటికీ వెలుతురే. వాడికి నాలుగు చేపలు పడ్డాయి, నాకు ఒక్కటి. ఎలుగుబంట్ల భయంతో వాటిని ఇంటికి దూరంగా శుభ్రం చేశాం.

తిరుగు ప్రయాణంనాడూ నీరు కదల్లేదు. విమానం ఎంత పరుగెత్తినా లేవదు. నిశ్చలమైన నీరు పడవల అడుగును పట్టుకుని వదలదట. పైలట్ సరస్సులో గుండ్రంగా తిరిగి అలలు లేపి, వాటిమీదుగా పరుగెత్తించాడు. పట్టు సడలింది, పైకి లేచాం.

"ఏరా మేష్టరూ, అలలు వద్దన్నావుగా?" అన్నాడు నా స్నేహితుడు.