తుదిమెరుగు

ఇల్లు అనగానే మనసులో మెదిలేవి పాదాలకు తగిలే నేల చల్లదనం, కంటికి హాయి గొలిపే గోడల రంగు. నిర్మాణంలో చివర వచ్చే ఈ పొరలే తుదిమెరుగులు. కట్టడంలో ఆఖరివైన వీటిని వాస్తుశిల్పి తొలి పటంలోనే ఊహించవలసి ఉంటుంది.

పటానికి తనదైన లిపి ఉంది. గోడను నిలువునా కోసినట్లు చూపే చిత్రంలో ఏటవాలు గీతలు ఇటుకను, చుక్కల నడుమ చిన్న త్రిభుజాలు కాంక్రీటును సూచిస్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 1989లో సవరించిన ఐ.ఎస్. 962 ఇటువంటి పటాల రచనకు నియమాలను నిర్దేశించింది. అయితే 1:100 నిష్పత్తిలో గీసిన పటంలో 12 మిల్లీమీటర్ల సిమెంటు పూత సన్నని గీతకన్నా సన్నమవుతుంది. అందువల్ల ఏ గదికి ఏ నేల, ఏ గోడకు ఏ పూత అనేది వేరొక పట్టికలో రాస్తారు. గీత చెప్పలేనిది మాట చెబుతుంది.

కంప్యూటరులో రూపొందే భవన నమూనాలో గోడను ఇటుక, పూత వంటి పొరల సముదాయంగా నిర్మించవచ్చు. ప్రతి పొరకూ పేరు, మందం ఇస్తే ఎంత సరుకు కావాలో లెక్క తేలుతుంది. కాని ఇక్కడ ఒక మాయ పొంచి ఉంది. నేలపై పాలరాతి బొమ్మను మాత్రమే అతికిస్తే తెరమీద అది తళతళలాడుతుంది. ఆ రాతికి మందం ఉండదు. అర్థం లేని అలంకారం వంటిదే అది.

ఆ లోపం మెట్ల వద్ద బయటపడుతుంది. కాంక్రీటు మెట్లన్నింటినీ 150 మిల్లీమీటర్ల ఎత్తున పోశారనుకుందాం. తరువాత రెండు అంతస్తుల నేలలపైనా తాండూరు బండలను అడుగుపొరతో కలిపి 60, మెట్లపై 30 మిల్లీమీటర్ల మందాన పరిస్తే మొదటి మెట్టు 120కి తగ్గుతుంది. చివరిది 180కి పెరుగుతుంది. లయకు అలవాటుపడిన పాదం, యతి తప్పిన పద్యంలా, అక్కడ తడబడుతుంది. చీకట్లో దిగే వృద్ధురాలి తుంటి విరగడానికి ఆ తేడా చాలు.

ఈ మందాన్ని ముందే లెక్కించిన పటంలో కాంక్రీటు మెట్లు అసమానంగా కనిపిస్తాయి: మొదటిది 180, చివరిది 120. కారణం పక్కనే రాసి ఉండాలి. లేకుంటే పొరపాటని భావించి మేస్త్రీ సరిచేస్తాడు. బండలు పరిచాక అన్నీ 150 అవుతాయి. ఆ లెక్క ఇంటివారికి ఎన్నడూ తెలియదు. వారు తడబడకుండా నడవడమే దానికి గుర్తు.