కూపరేజి మైదానములో మనవాళ్ళు

బొంబాయి కామాటిపురాలో పుట్టి పెరిగిన మావంటి వారికి "మీ ఊరేది?" అను ప్రశ్నకు సమాధానము చెప్పుట ఎన్నడును సులభము కాలేదు. మా పేట పేరు వినగానే ముఖము త్రిప్పుకొనువారు కలరు. ఈ నగరపు గోడలకు రాళ్ళు మోసిన తెలుగు కూలీల పేట అది యని వారికి తెలియదు. మా తాత పాలమూరునుండి రాతిపనికి వచ్చెను. మా నాయన తాపీ పట్టెను. మేము మరాఠీని వీధిలో నేర్చితిమి, హిందుస్తానీని బజారులో నేర్చితిమి. తెలుగు మాత్రము ఇంటిలో వింటిమి. ఊరన్నది మాకు పెద్దల నోట వినబడు మాట. దానిని కన్నులతో చూచినట్లు మాకు తోచినది 1950లో, రోవర్సు కప్పు పోటీలు జరిగిన కూపరేజి మైదానమున.

ఆ కప్పు 1891లో మొదలైనది. చాలకాలము తెల్లసైనికుల పటాలములే దానిని పంచుకొనెడివి. 1937లో బెంగుళూరు ముస్లిం జట్టు ఆ వరుసను త్రెంచెను. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలిచెను. మరుసటి యేడును గెలిచెను, ఆ మరుసటి యేడును గెలిచెను. 1954 వరకు వరుసగా ఐదేండ్లు కప్పు హైదరాబాదుకే పోయెను. ఆ రోజులలో కామాటిపురాలో తలయెత్తి నడువని తెలుగువాడు లేడు, ఒక్క మా తాత తప్ప.

తాతకు ఆ జట్టుతో పేచీ లేదు, దాని పేరుతో పేచీ. నిజాము కాలమున పటేలు ఇంట వెట్టిచాకిరి చేసి, జమేదారు కర్ర వీపున మోసి, ఒక రాత్రి ఊరు విడిచి వచ్చిన మనిషి. "పోలీసోనికి జేజేలు గొడుతరా? మీకు సిగ్గు లేదా?" అని మా నాయనను కసరెడివాడు. నాయన బదులు చెప్పెడివాడు కాడు. తాత మాటలో అబద్ధము లేదని ఆయనకు తెలియును. అయినను ఆటనాడు పూట కూలి వదలుకొని, మమ్ము వెంటబెట్టుకొని వెడలెడివాడు. ఆ పూట కూలితో ఇంటిలో ఏమేమి రావలసియుండెనో మా అమ్మ వ్రేళ్ళమీద లెక్కించి చెప్పెడిది.

పల్లీల పొట్లము ఒడిలో పెట్టుకొని చవుక టిక్కెట్ల చోట కూర్చుండెడివారము. హైదరాబాదువారి ఆటలో బంతి గాలిలోకన్న నేలమీద ఎక్కువగా తిరిగెడిది. ఒకని కాలినుండి ఇంకొకని కాలికి, అక్కడనుండి మరియొకనికి. ఎదుటివాడు చేరునప్పటికి బంతి అక్కడ ఉండెడిది కాదు. ఆ శిక్షణ సయ్యద్ అబ్దుల్ రహీముగారిది. ఆయన బడిపంతులు. కుడికాలి వాడుకగల ఆటగాండ్రకు ఎడమకాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు పెట్టిన ఉపాధ్యాయుడు. నూర్ మహమ్మదు, అజీజుద్దీను వంటివారు ఆయన చేతిలో తయారైనవారే.

ఒకనాడు ఆట ముగిసిన పిదప నాయన గేటు కడ నిలిచి, బయటికి వచ్చుచున్న ఆటగాని నొకనిని "తమ్మీ, మంచిగ ఆడినవ్!" అని తెలుగులో పలుకరించెను. అతడు నవ్వి, మన హైదరాబాదు ఉర్దూలో "దువా కరో, చాచా" అని సాగిపోయెను. తెలుగు వినబడలేదని మేము చిన్నబోతిమి. నాయన మాత్రము, "ఆ యాస విన్నరా? మన దిక్కుదే," అని దారి పొడవునా చెప్పుచునే ఉండెను.

పక్క గదిలో గోవా పెద్దమనిషి యొకడు ఉండెడివాడు. బొంబాయి జట్లన్న ఆయనకు ప్రాణము. హైదరాబాదు గెలిచిన సాయంత్రములలో తలుపు వేసికొనెడివాడు. ఒకసారి పదిమందిలో, "తినేది బొంబాయి రొట్టె, అరిచేది హైదరాబాదుకా?" అనెను. నాయన ముఖము వాడిపోయెను. ఆ పిమ్మట రెండేండ్లు ఆ రెండు గదుల నడుమ మాటలు లేవు. నీళ్ళ కుళాయి కడ అమ్మలిరువురు మాత్రము మగవారి ఆనతి లెక్కచేయక మాటలాడుకొనెడివారు.

1955లో కప్పు మోహన్ బగానుకు పోయెను. మేము తలలు వంచుకొని ఇల్లు చేరితిమి. గడపకడ నులకమంచముమీద పడుకొనియున్న తాత, ఎన్నడును ఆట సంగతి అడుగనివాడు, లేచి కూర్చుండి "మనోళ్లు ఓడిండ్రా?" అనెను. ఆ రాత్రి ఆయన అన్నము ముట్టలేదు. పోలీసుల ప్రసక్తి ఎవరును ఎత్తలేదు.

1956 డిసెంబరులో మెల్బోర్ను ఒలింపిక్సున మన దేశపు జట్టు ఆస్ట్రేలియాను నాలుగు గోలులకు రెండుగా ఓడించెను. మూడు గోలులు కొట్టినవాడు బొంబాయి వాసి నెవిల్ డిసౌజా. జట్టుకు శిక్షకుడు రహీముగారు. ఆ వార్త పడిన పత్రిక పట్టుకొని గోవా పెద్దమనిషి మా గడప తొక్కెను. "మీ మాస్టరు, మా కుర్రవాడు," అని నాయన చేయి పట్టుకొనెను. అమ్మ చాయ పెట్టెను. సెమీఫైనలులో యుగోస్లావియాతో ఓడి, మన జట్టు నాలుగవ స్థానమున నిలిచినప్పుడు ఆ యిరువురును కలిసియే దుఃఖించిరి.

రహీముగారు 1963లో కన్నుమూసిరి. రోవర్సు కప్పు పోటీయు 2000-01 తరువాత జరుగలేదు.

1957లో హైదరాబాదు పోలీసులు మరల కప్పు గెలిచిరి. అప్పటికి తాత పోయి కొన్ని నెలలైనది. ఆ సాయంత్రము గోవా పెద్దమనిషితో కలిసియే మైదానమునుండి తిరిగివచ్చితిమి. నాయన గడపకడ ఆగి, చెప్పులు విడిచి, ఖాళీ మంచమువైపు తిరిగి "గెలిచిండ్రే, నాయినా" అని గట్టిగా చెప్పి లోనికి పోయెను.